మొదటి తొట్టికి మొండి మొక్క



బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్ళ ఇళ్ళకు వెళితే ఈమధ్య హాల్లో ఒక మూల చేపల తొట్టి తరచుగా కనిపిస్తోంది. పిల్లలు మారాం చేశారనో, ఆ మూల బోసిగా ఉందనో, ఇంటి ఓనరు కుక్కను పెంచడానికి ఒప్పుకోలేదనో తెచ్చుకుంటారు. శివాజీనగర్‌లో రస్సెల్ మార్కెట్ పరిసరాల్లో ఒక సాయంత్రం తిరిగితే చాలు, సరంజామా అంతా దొరుకుతుంది. తొట్టి, ఫిల్టరు, నాలుగు జతల చేపలు, కళ్ళు చెదిరే నీలం రంగు గులకరాళ్ళు, వాటి మధ్య గుచ్చడానికి ఒక ప్లాస్టిక్ మొక్క. ఆ ప్లాస్టిక్ మొక్కను తీసేసి నిజం మొక్క పెడదామా అని మనసులో ఎక్కడో ఉన్నవాళ్ళతో ఈ పూట నాలుగు మాటలు మాట్లాడదామని వచ్చాను.

నిజం మొక్క పెట్టడం షోకు కోసం కాదండీ. ఇంట్లో చేపల తొట్టి అనే ఆలోచన నిలబడిందే మొక్క మీద. 1849లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త గాజు పాత్రలో రెండు చిన్న గోల్డ్ ఫిష్‌లను, వాలిస్నేరియా అనే నీటి మొక్కను వేసి పెట్టాడు. ఆకులు కుళ్ళి నీళ్ళు పాడవుతుంటే వాటిని తినడానికి నత్తలను కూడా చేర్చాడు. అప్పుడు తూకం కుదిరింది. మరుసటి ఏడాది ఆ సంగతి అక్కడి కెమికల్ సొసైటీకి రాసి పంపాడు. గాలి పంపు లేదు, ఫిల్టరు లేదు, కరెంటు ఊసే లేదు. చేప వదిలిన బొగ్గుపులుసు వాయువు మొక్కకు, మొక్క వదిలిన ప్రాణవాయువు చేపకు.

ఇంకో మేలు కూడా ఉంది. చేప విసర్జించేది ముఖ్యంగా అమ్మోనియా. అది చేపకే విషం. కొత్త తొట్టిలో చేపలు వారం తిరక్కుండానే చచ్చిపోతున్నాయని వాపోయేవాళ్ళను అడిగి చూడండి, చాలాసార్లు కారణం ఇదే. ఆ అమ్మోనియాను మొదట నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టరులో, ఇసుకలో స్థిరపడటానికి సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా గబగబా పెరిగే మొక్కలు తొట్టినిండా ఉంటే, అవి అమ్మోనియాను నేరుగా ఆహారంగా లాగేసుకుంటాయి. అందుకే నా మాట వింటే ముందు మొక్కలు పెట్టండి, చేపలు నెల తర్వాత. పిల్లలు ఊరుకోరంటారా? కొత్త చిగురు ఎప్పుడు వస్తుందో కనిపెట్టి ఉండే పని వాళ్ళకే అప్పజెప్పండి.

ఇక ఏ మొక్క? ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. తకాషి అమానో అనే జపాను ఆయన తొట్లలో అడవులను, కొండలను, పచ్చికబయళ్ళను నిలబెట్టి ఒక కళనే సృష్టించాడు. 2015లో కన్నుమూశాడు. ఆయన తొట్ల ఫొటోలు, ఆయన దారిలో నడిచినవాళ్ళ ఫొటోలు చూసి, అచ్చం అలాంటి ఎర్రటి మొక్కలు, నేలమీద పరుచుకునే పచ్చిక కావాలని కొట్టుకు వెళతారు. ఆ పచ్చికకు బొగ్గుపులుసు వాయువు సిలిండరు కావాలి, బలమైన వెలుతురు కావాలి, వారం వారం కత్తెర పట్టాలి. మొదటి తొట్టికి అవన్నీ అనవసరం. మీ ఇంట్లో కొళాయి తిప్పితే ఏ నీళ్ళు వస్తాయో వాటిలో బతికే మొక్కను తెచ్చుకోండి. మొక్క కోసం నీళ్ళను మార్చాలని మాత్రం చూడకండి.

బెంగళూరులో ఈ నీళ్ళ సంగతి కొంచెం వివరంగానే చెప్పుకోవాలి. ఒకే వీధిలో ఒక ఇంటికి కావేరి నీళ్ళు, పక్కింటికి బోరు నీళ్ళు, ఎదురు అపార్ట్‌మెంటుకు ట్యాంకరు నీళ్ళు. కావేరి నీళ్ళు దాదాపు 100 కిలోమీటర్ల దూరంలోని తొరెకాడనహళ్ళి నుంచి, సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున్న ఈ ఊరికి పంపులతో ఎక్కి వస్తాయి. ఈ పథకం మొదటి దశ 1974లో, అయిదో దశ 2024 అక్టోబరులో వచ్చాయి. ఈ నీళ్ళు తొట్టికి మంచివే. అందులో కలిపే క్లోరిన్ ఒక్కటే చిక్కు. బకెట్లో పట్టి ఒక రాత్రి, ఒక పగలు తెరిచి ఉంచితే చాలావరకు ఎగిరిపోతుంది. అంత ఓపిక లేకపోతే కొట్లో యాంటీ క్లోరిన్ చుక్కలు అమ్ముతారు.

బోరు నీళ్ళలో సున్నం పాలు ఎక్కువ. కొళాయి మూతి దగ్గర తెల్లగా పేరుకుంటుంది చూడండి, అదే. ఇలాంటి నీళ్ళలో కూడా హాయిగా పెరిగే మొక్కలున్నాయి, భయం లేదు. భయపడాల్సింది వేరే ఉంది. పెద్ద అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్ళను సాఫ్ట్‌నర్ యంత్రం గుండా పంపి ఫ్లాట్లకు వదులుతారు. అది నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం తీసేసి వాటి బదులు సోడియం పెడుతుంది. గీజరుకు మంచిదే, మొక్కకు కాదు. దానికి కావలసినవి పోయి అక్కర్లేనిది మిగిలిందన్నమాట. సెక్యూరిటీ వాళ్ళనో, ప్లంబరునో అడిగితే సాఫ్ట్‌నర్‌కు ముందున్న కొళాయి ఏదో చూపిస్తారు. వీలైతే అక్కడ పట్టుకోండి. ఇక ఆర్వో యంత్రం నుంచి పక్కకు పోయే నీళ్ళను వృథా చేయడమెందుకని తొట్టిలో పోసే పొదుపరులున్నారు. లవణాలన్నీ చిక్కగా చేరిన నీళ్ళవి. బాత్రూము కడగడానికి వాడండి, తొట్టికి వద్దు.

ఇప్పుడు మొక్కల పేర్లు చెబుతాను. నాలుగైదు చాలు.

మొదటిది జావా ఫెర్న్, దాని తోడు అనూబియాస్. ఒకటి ఆగ్నేయాసియాది, ఇంకోటి పశ్చిమాఫ్రికా వాగుల ఒడ్డుది. రెండింటికీ అల్లం కొమ్ములాంటి అడ్డకాండం ఉంటుంది. ఆ కొమ్మును ఇసుకలో పూడ్చారో, కుళ్ళిపోతుంది. మొక్క అన్నాక మట్టిలో పాతాలి కదా అనుకుని కొత్తవాళ్ళు చేసే పని ఇదే. పాతకండి. ఒక రాయికో, చెక్కకో మామూలు నూలుదారంతో కట్టి తొట్టిలో పెట్టండి. కొన్ని వారాల్లో వేళ్ళు రాయిని పట్టుకుంటాయి, దారం దానంతటదే చీకిపోతుంది. అనూబియాస్ ఆకు దళసరిగా, ముదురాకుపచ్చగా ఉంటుంది. నెలకు ఒకటో రెండో ఆకులు వేస్తుంది, అంతకన్నా తొందరపడదు. నీడలో పెట్టండి. వెలుతురు మరీ మీద పడితే ఆ ముసలి ఆకుల మీద పాచి పడుతుంది.

జావా ఫెర్న్ విషయంలో ఒక చిత్రం ఉంది. కొన్నాళ్ళకు ఆకు అడుగుభాగాన నల్లటి మచ్చలు, వరసగా, రెండు పక్కలా ఒకే రకంగా వస్తాయి. తెగులు పట్టిందని కత్తిరించి పారేస్తారు జనం. ఆ ఆకును తిప్పి దగ్గరగా, కళ్ళజోడు పెట్టుకుని మరీ చూడండి. తెగులు మచ్చలైతే ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. ఇవి ఈనెల మధ్య బారులు తీరి ఉంటాయి, వేలితో తడిమితే కాస్త గరుకుగా తగులుతాయి. అవి ఫెర్న్ జాతి మొక్కల సిద్ధబీజాల గుంపులు. ఇంకొన్నాళ్ళకు ముదిరిన ఆకు కొసన వేలెడంత కూడా లేని పిల్ల మొక్క, దానికి గోధుమరంగు నూగులాంటి వేళ్ళు. అది కాస్త పెరిగాక వేళ్ళతో సహా తుంచి ఇంకో రాయికి కట్టండి. ఒక మొక్క కొన్నవారికి పది మొక్కలు.

రెండో రకం క్రిప్టోకొరైన్. కొట్లో క్రిప్ట్ అంటారు. దీన్ని ఇసుకలోనే నాటాలి. నాటిన వారానికల్లా చాలాసార్లు ఆకులన్నీ జిగురులా కరిగిపోతాయి. చచ్చిందని పీకి పారేస్తారు. నర్సరీలో ఈ మొక్కలను చాలావరకు నీటి పైన, తేమగాలిలో పెంచుతారు. నీళ్ళలో ముంచగానే ఆ పాత ఆకులు పనికిరాక రాలిపోతాయి, వేరు మాత్రం బతికే ఉంటుంది. కదపకుండా వదిలేస్తే రెండు మూడు వారాల్లో నీటికి తగిన కొత్త ఆకు లేస్తుంది. ఈ మొక్కకు చోటు మార్చడం గిట్టదు. పెట్టిన చోటనే ఏళ్ళ తరబడి ఉంచండి.

మూడోది వారింగ్టన్ వాడిన వాలిస్నేరియా. రిబ్బన్లలాంటి పొడుగాటి ఆకులు, వెనక వరసలో అందంగా ఉంటుంది. నిలదొక్కుకుంటే ఇసుక కిందుగా పిలకలు వేసుకుంటూ పోతుంది. బోరు నీళ్ళున్నవాళ్ళకు దీన్ని మించింది లేదు. నాటేటప్పుడు వేరు మొత్తం ఇసుకలో, ఆకులు పుట్టే మొదలు పైకి.

ఇంకా హైగ్రోఫిలా, హార్న్‌వర్ట్. హైగ్రోఫిలా మన దేశపు కుంటల్లోదే. కాడ పైకి వచ్చాక కొస తుంచి పక్కన గుచ్చితే అదొక మొక్క అవుతుంది. హార్న్‌వర్ట్‌కు వేరే ఉండదు, నాటే పని లేదు, నీళ్ళలో వదిలేయడమే. కొత్త తొట్టిలో అమ్మోనియా లాగే పనికి ఈ రెండే అసలైన కూలీలు.

కొట్లో ఒక మోసం జరుగుతుంటుంది. కొన్నిసార్లు అమ్మేవాడికీ తెలియదు లెండి. లక్కీ బాంబూ, సింగోనియం, తెల్ల చారల గడ్డి మొక్కలు, ఊదారంగు ఆకుల మొక్క ఒకటి, ఇలాంటి నేల మొక్కలను నీళ్ళలో ముంచి అమ్ముతారు. నెలా రెండు నెలలు పచ్చగానే ఉండి, తర్వాత కుళ్ళి నీళ్ళను కంపు చేస్తాయి. గుర్తుపట్టడం ఎలా? నీళ్ళలోంచి బయటికి తీసి పట్టుకోండి. నీటిలో పెరిగే చాలా మొక్కల కాడ నిలబడలేక వాలిపోతుంది. నేల మొక్క నిటారుగా, మైనం పూసినట్టున్న ఆకులతో బిర్రుగా నిలబడుతుంది. అనూబియాస్ మాత్రం ఈ లెక్కకు మినహాయింపు, అది గట్టిదే.

కొన్న మొక్కను తిన్నగా తొట్టిలో వేయకండి. కొళాయి కింద ఆకు వెనకా ముందూ కడిగి, వారం పది రోజులు వేరే బకెట్లో వెలుతురు తగిలేలా ఉంచండి. ఆకు వెనక జెల్లీ బొట్టులా కనబడేది నత్త గుడ్ల ముద్ద, గోటితో గీకేయండి. ఏ చెరువులోనుంచో తెచ్చిన మొక్కతో తూనీగ పిల్ల వస్తే ఇంకా ప్రమాదం, అది చిన్న చేపలను పట్టి తింటుంది.

తొట్టి ఎంతది కావాలంటే, రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. సుమారు 57 లీటర్లు పడుతుంది. చిన్న గాజు గిన్నె తేలికనుకుంటారు కానీ నీళ్ళు తక్కువైతే ప్రతి పొరపాటూ పెద్దదవుతుంది. అడుగున రెండంగుళాల మందాన కడిగిన ఇసుక. రాళ్ళు ఎక్కడివైనా వెనిగర్ చుక్క వేసి చూడండి, బుసబుస పొంగితే సున్నపురాయి, వద్దు. ఆ నీలం గులకరాళ్ళ గురించి నేను చెప్పేదేమీ లేదు, చేపలను అడిగితే అవే చెబుతాయి.

వెలుతురు విషయంలో ఎక్కువమంది దానకర్ణులవుతారు. ఉదయం లేచి వేసిన లైటు రాత్రి పడుకునేటప్పుడు తీస్తారు. మొక్కకు ఆరు గంటలతో మొదలుపెట్టి మెల్లగా ఎనిమిదికి పెంచితే చాలు. ప్లగ్గుకు పెట్టే టైమరు ఒకటి కొనండి, ఈ మొత్తం వ్యవహారంలో డబ్బుకు తగిన ఫలితమిచ్చే వస్తువు అదే. కిటికీ పక్కన ఎండ పడేచోట తొట్టి పెట్టకండి, పాచికి పండగ. మొదటి వారాల్లో అద్దం మీద గోధుమరంగు పొడిలా కనిపించే పాచి దానంతటదే తగ్గుతుంది, గుడ్డతో తుడవండి. ఆకుపచ్చ పాచి పెరిగిపోతే మందులు పోయకండి. లైటు గంట తగ్గించండి, చేపల తిండి సగం చేయండి.

మొక్క తన ఇబ్బందిని ఆకు మీదే చెబుతుంది. కింది పాత ఆకులు పసుపెక్కితే నత్రజని చాలట్లేదు. పాత ఆకులకు సూదితో పొడిచినట్టు చిల్లులు పడితే పొటాషియం. కొత్త చిగురు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము. చేపలున్న తొట్టిలో నత్రజని కొరత అరుదు, మిగతావాటికి కొట్లో దొరికే ద్రవ ఎరువు వారానికోసారి, డబ్బా మీద రాసిన దాంట్లో సగం మోతాదు. క్రిప్ట్, వాలిస్నేరియా మొదళ్ళ దగ్గర ఇసుకలో ఎరువు బిళ్ళలు గుచ్చితే సంతోషిస్తాయి.

వారానికోసారి పావు వంతు నీళ్ళు మార్చాలి, అంటే సుమారు పద్నాలుగు లీటర్లు. 2024 మార్చిలో నీటి ఎద్దడి ముదిరినప్పుడు కార్లు కడగడానికి, తోటలకు తాగునీరు వాడితే 5,000 రూపాయలు జరిమానా అని ఇక్కడి జలమండలి ప్రకటించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఇలాంటి ఊళ్ళో తొట్టి నీళ్ళను మోరీలో పోయడం పాపం. అందులో నైట్రేట్ ఉంది, బాల్కనీ కుండీలకు అది ఎరువే. తులసికి చేపల నీళ్ళేమిటని ఇంట్లో పెద్దవాళ్ళు అభ్యంతరపెడితే కరివేపాకుకు పోయండి.

వాతావరణం విషయంలో మాత్రం బెంగళూరు వాళ్ళు అదృష్టవంతులు. ఇక్కడ నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 39.2 డిగ్రీలు, 2016 ఏప్రిల్‌లో. బెజవాడలోనో, రామగుండంలోనో వేసవిలో తొట్టి నీళ్ళే గోరువెచ్చగా మారి మొక్కలు వడలిపోతాయి. ఇక్కడ ఆ బాధ లేదు. చలికాలం చేపలకు చిన్న హీటరు అవసరమైతే కావచ్చు, పైన చెప్పిన మొక్కలకు అక్కర్లేదు.

ఇక చివరిగా ఒక ముఖ్యమైన విషయం. మొండి మొక్కలు మంచివని ఇంతసేపూ చెప్పాను. అవి గోడ దాటితే ఏమవుతుందో కూడా చెప్పాలి.

స్కూల్లో హైడ్రిల్లా ప్రయోగం చేశారు కదా? బీకరు, గరాటు, బోర్లించిన పరీక్షనాళిక, ఎండలో పెడితే బుడగలు. జగదీశ్ చంద్ర బోసు 1924లో అచ్చేసిన కిరణజన్య సంయోగక్రియ గ్రంథానికి ఆధారమైన పరిశోధనల్లోనూ ఈ మొక్కే ఉంది. మన కుంటల్లో పశువులు తొక్కే నాచు. 1950లలో అమెరికా అక్వేరియం వ్యాపారులు దీన్ని శ్రీలంక నుంచి తెప్పించుకున్నారు, ఫ్లోరిడాలో అది కాలువలో పడింది. 1960 నాటికి అక్కడి జలాల్లో బయటపడింది. తర్వాత దక్షిణాది రాష్ట్రాల చెరువులను కమ్మేసింది. అక్కడున్నవన్నీ ఆడ మొక్కలే, విత్తనంతో పని లేకుండా ముక్క ముక్కా మొలకెత్తి వ్యాపించాయి. 1997లో దేశదేశాల హైడ్రిల్లా నమూనాల జన్యువులను పోల్చి చూస్తే, ఈ అమెరికా ఆడ మొక్కలకు దగ్గరి చుట్టం బెంగళూరు నమూనా అని తేలింది. దాన్ని తినే పురుగులను వెతుక్కుంటూ అక్కడి శాస్త్రవేత్తలు మన ఉపఖండానికే వచ్చారు, 1987లో తీసుకెళ్ళి ఫ్లోరిడాలో వదిలారు. మన హైగ్రోఫిలా కూడా అక్కడి ప్రభుత్వ కలుపు మొక్కల జాబితాలో ఉంది.

అటునుంచి ఇటు వచ్చిన కథ మనకు ఇంకా బాగా తెలుసు. దక్షిణ అమెరికా గుర్రపుడెక్క పూలు బాగున్నాయని తెచ్చుకున్నదే, కొల్లేరులో, కృష్ణా కాలువల్లో, బెంగళూరు చెరువుల్లో చూస్తూనే ఉన్నాం. 1980లలో హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఆ గుర్రపుడెక్కను తినే ముక్కుపురుగులను పరదేశం నుంచి తెప్పించి ఇక్కడి చెరువుల్లో వదిలారు. తొట్లలో తేలించే సాల్వీనియాకు కూడా ఆస్ట్రేలియా నుంచి మరో ముక్కుపురుగును తెచ్చి, ముందుగా బెంగళూరులోని ఒక కలువ కొలనులో వదిలి చూశారు. 11 నెలల్లో సాల్వీనియా అణగిపోయింది, కలువలు మళ్ళీ పెరిగాయి. తర్వాత అదే పురుగు కేరళ కాలువలకు పనికొచ్చింది. ఎవరో అందం కోసం తెచ్చిన మొక్కను వదిలించుకోవడానికి ఇంత పని.

బెంగళూరు చెరువులు ఒకదాని నుంచి ఒకటి గొలుసుగా ఉంటాయి. మీ వీధి చివర రాజకాలువె అనే వాననీటి కాలువలో పడిన రెమ్మ బెళ్ళందూరు, వర్తూరు చెరువులు దాటి దక్షిణ పినాకిని నది దాకా పోగలదు. అందుకని మీకు నాదొక విన్నపం. తొట్టిలో కత్తిరించిన రెమ్మలను సింకులో, మోరీలో, చెరువులో వేయకండి. పళ్ళెంలో పరిచి ఎండలో గలగలలాడేలా ఎండబెట్టి కుండీ మట్టిలో కలపండి, లేదా తడి చెత్త బుట్టలో వేయండి. ఎక్కువగా పెరిగితే పక్క ఫ్లాటు వాళ్ళకివ్వండి. బదిలీ అయి తొట్టి ఎత్తేయాల్సి వస్తే చేపలను పుణ్యమని చెరువులో వదలకండి, కొన్న కొట్టువాడినే అడగండి, చాలామంది తిరిగి తీసుకుంటారు.